తలుపుల్లేని సభ: బాలాంత్రపు రజనీకాంతరావు రేడియో పాట

(ఆదోనిలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు బడిలో తెలుగు చెప్పేవారు, ఇంట్లో కన్నడం మాట్లాడేవారు, బజారుకు పోతే ఉర్దూలో బేరం చేసేవారు. మన ఆదోనిలో అది వింతేమీ కాదు. ఆయన పిల్లలు నన్ను పిలిచి పాట గురించి మాట్లాడమన్నారు. నేను బాలాంత్రపు రజనీకాంతరావుగారిని ఎంచుకున్నాను. పాట రాసినవారు, దానికి బాణీ కట్టినవారు, తామే పాడినవారు, ఆ పాట ఏ వేళకు జనం చెవిన పడాలో నిర్ణయించే కుర్చీలో కూర్చున్నవారు ఒక్కరే కావడం మన భాషలో అరుదు. రజనిగారు ఈ నాలుగు పనులూ చేశారు. వాటిలో నాలుగోదే అన్నిటికన్నా పెద్దదని నా నమ్మకం. ఆయన పాటలను ఇష్టపడేవాళ్లు కొందరు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు. ఎందుకలా అంటున్నానో ఈ పూట చెబుతాను.

ఆయన 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వేంకటరావుగారు వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. ఓలేటి పార్వతీశంగారితో కలిసి ఆయన రాసిన ‘ఏకాంతసేవ’ తెలుగు భావకవిత్వపు తొలిరోజుల కావ్యం. పిఠాపురం వాతావరణంలో పెరిగి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పింగళి లక్ష్మీకాంతంగారి దగ్గర తెలుగు చదివి, 1941లో, ఇరవై ఒకటో ఏట, రజనిగారు మద్రాసు ఆలిండియా రేడియోలో చేరారు. 1938 జూన్ 16న మొదలైన ఆ కేంద్రానికి అప్పటికి నిండా మూడేళ్లు. చేరినవాడూ కుర్రవాడే, చేరిన సంస్థా పసిదే. రేడియోలో తెలుగు పాట ఎట్లా ఉండాలో, ఎంతసేపు ఉండాలో చెప్పే పెద్దలు అక్కడ ఇంకా తయారు కాలేదు. ఆయన అదృష్టం అది.

అప్పటి పటం ఒకసారి గుర్తు చేసుకుందాం. 1941లో ఆదోని కర్నూలు జిల్లాలో లేదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లావి; బళ్లారి జిల్లా మద్రాసుది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే ఈ మూడు తాలూకాలు ఇటు వచ్చాయి. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోని ఊరు. కాబట్టి రజనిగారు చేరిన మద్రాసు కేంద్రం మనకు పరాయిది కాదు. మన రాజధానిలోని రేడియో అది. పెట్టె కొనగలిగిన ఇళ్లు తక్కువ కావచ్చు, కానీ వచ్చిన గొంతు మనదే అనుకోవడానికి మనకు హక్కుండేది.

ఆ గొంతు ఎటువంటిదో తెలియాలంటే, దానికి ముందు మన ఊళ్లలో పాట ఎక్కడుండేదో చూడాలి. పాట నాటకంలో ఉండేది. బళ్లారి, ఆదోని, గుంతకల్లు పట్టణాల్లో నాటక సమాజం వచ్చిందంటే రాత్రంతా పద్యమే. ముందు హార్మోనియం, దాని వెనక తబలా. మైకు లేని రోజుల్లో నటుడి గొంతు పందిరి చివరన నిలబడ్డ మనిషికి వినబడాలి. అందుకని రాగం సాగేది, పై స్థాయికి పోయేది, ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ పోయేది. బళ్లారి రాఘవగారి వంటి మహానటుడు ఆ సాగదీతకు ఎదురు నిలిచి మాటకూ నటనకూ పట్టం కట్టారు గానీ, ఊళ్లలో చప్పట్లు మాత్రం రాగానికే పడేవి. ఇటు కచేరీ సంగీతానికి సభ కావాలి, సభకు పోషకులు కావాలి, కూర్చునే చోటు కావాలి. ఆ చోట ఎవరు కూర్చోవచ్చో ఎవరు కూర్చోకూడదో తేల్చే కట్టుబాట్లు వేరే ఉండేవి. మద్రాసు, తంజావూరుల వంటి సభలు మన పత్తి ఊళ్లకు ఎప్పుడూ లేవు.

రేడియో ఈ రెంటినీ పక్కన పెట్టింది. మైక్రోఫోను ముందు అరవనక్కరలేదు. అరిస్తే చెడిపోతుంది కూడా. చెవిలో మాట చెప్పినట్టు పాడితే చాలు, ఆ మెల్లని గొంతు అంతే మెల్లగా వందల మైళ్లు పోతుంది. పైగా ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మన గమకాలను ఆ మెట్ల వాద్యం పలికించలేదన్నది కారణం. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. మన నాటకాల వాళ్లకు అది దెబ్బే. హార్మోనియం లేకుండా పద్యం ఎట్లా పాడాలో తెలియని గాయకులు ఆ వేదికకు దూరమయ్యారు, ఆ నష్టం తక్కువది కాదు. కానీ హార్మోనియం వదిలిపెట్టిన జాగాలోకి వీణ వచ్చింది, వేణువు వచ్చింది, వయొలిన్ వచ్చింది. పాట కింద తంబుర ఒక్కటే మోగే నిశ్శబ్దం వచ్చింది. పల్లవి, రెండు మూడు చరణాలు, ఒకే భావం, నాలుగైదు నిమిషాలు. లలిత సంగీతం అని మనం పిలిచే రూపం ఆ స్టూడియోల్లో స్థిరపడింది.

రజనిగారి పాటలు ఆ కొలతకు రాసినవి. ముందు కవిత రాసి తరువాత ఎవరికో ఇచ్చి బాణీ కట్టించుకోవడం ఆయన పద్ధతి కాదు. మాటా స్వరమూ ఒకే మనిషి నోట ఒకేసారి పుట్టడం వల్ల, ఏ అక్షరం మీద గొంతు ఆగాలో అక్కడే ఆగుతుంది. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి వంటి గాయనులు ఆయన పాటలకు దొరికిన గొంతులు. ఆ పాటలను తరువాత ‘శతపత్రసుందరి’ పేరుతో పుస్తకంగా వేశారు. ఆ పుస్తకం చదివితే తండ్రి తరం భావకవిత్వం అడుగడుగునా కనబడుతుంది: వెన్నెల, పూలతోట, ఎదురుచూపు. కాగితం మీద వాటిలో కొన్ని పలచగా ఉంటాయి. పాడగా వింటే ఉండవు. వాటికి కాగితం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

1947 ఆగస్టు 15 వచ్చింది. మద్రాసు కేంద్రం నుంచి రజనిగారు రాసి బాణీ కట్టిన స్వాతంత్ర్య గీతం సూర్యకుమారి గొంతులో తెలుగు వాళ్లకు వినిపించింది. ఆయనకు అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఆ ఉదయాన బళ్లారి జిల్లా ఆదోనిలోనూ మద్రాసు రేడియో మోగింది. మనకు ఇటు తుంగభద్ర దాటితే నైజాం సంస్థానం. అక్కడ స్వతంత్ర భారత జెండా ఎగరడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. ఒక ఒడ్డున పండుగ, రెండో ఒడ్డున రజాకార్ల భయం. ఆ పాట ఈ ఒడ్డున ఎంత విలువైనదో మన పెద్దవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేకపోయింది.

ఆయన సినిమాలకూ పని చేశారు. అయితే ప్రభుత్వ రేడియో ఉద్యోగి పేరు తెర మీద వేయించుకోవడానికి వీలుండేది కాదు కాబట్టి సోదరుడు నళినీకాంతరావు పేరు వాడుకున్నారు. 1945లో బి.ఎన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన పావురం పాట వెనక రజనిగారి చెయ్యి ఉంది. ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే హాలీవుడ్ సినిమాలోని పాట దానికి ప్రేరణ అంటారు. స్పెయిన్ ఛాయ ఉన్న ఆ స్వరం తెలుగులోకి వచ్చి ఇక్కడిదే అయిపోయింది. ‘గృహప్రవేశం’, ‘మానవతి’ ఆయన సంగీతం చేసిన చిత్రాలు. ఉద్యోగం వదిలి ఆ దారిన పోయుంటే డబ్బు, పేరు రెండూ దండిగా వచ్చేవి. పోలేదు. ఆ విషయం మీద ఎక్కువ ఆగను. సినిమా చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

1952లో ఒక పెద్ద మలుపు వచ్చింది. సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటలను ఆకాశవాణి నుంచి దాదాపుగా తోలేశారు. శ్రోతలు ఊరుకోలేదు. ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అమీన్ సయానీ హిందీ గీత్‌మాలా దేశమంతా మోగింది. తెలుగు పాటల కోసం మీనాక్షీ పొన్నుదురై గొంతుకు మనవాళ్లు అలవాటు పడ్డారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టి ప్రభుత్వం దిగి రావాల్సి వచ్చింది. జనం ఇష్టాన్ని ఆదేశంతో మార్చవచ్చనుకోవడం కేస్కర్ చేసిన తప్పు. ఆయన చేసిన ఇంకో పని మాత్రం మంచిది: సినిమా పాటకు బదులుగా రేడియో తన సొంత పాటను తయారు చేసుకోవాలని కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలు పెట్టించారు. కవులకు, గాయకులకు, వాద్యకారులకు జీతాలు వచ్చాయి. నిలయ విద్వాంసులు అన్న మాట మన ఇళ్లలో వాడుక మాట అయింది. మద్రాసులో పదేళ్లపాటు ఈ పనే చేస్తూ వచ్చిన రజనిగారికి దారి వెడల్పయింది. ఇటు హైదరాబాదు కేంద్రంలో పాలగుమ్మి విశ్వనాథంగారు కూడా తానే రాసి తానే బాణీలు కట్టిన మనిషి. ‘ఈ మాసపు పాట’తో ఒకే పాటను నెల పొడుగునా వినిపించి ఇళ్లలో పిల్లల నోటికి తెచ్చారు.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు విషయానికి వస్తాను. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రజనిగారి పేరు ఎక్కువగా ముడిపడింది ఆ కేంద్రంతోనే. ఆయన చాలా ఏళ్లు అక్కడ పనిచేశారు, డైరెక్టరూ అయ్యారు. ఆ కేంద్రం తెలుగువాళ్లకు ఇచ్చిన గొప్ప కానుక ‘భక్తి రంజని’. ఇది ఒక్కరి సృష్టి అని నేననను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి హేమాహేమీలు ఒకే కప్పు కింద పనిచేసిన రోజులవి. వాళ్లందరి చెమటా అందులో ఉంది. ఆ సమూహంలో రజనిగారు కవీ స్వరకర్తా మాత్రమే కాదు, అధికారి కూడా. ఏ పాట పోవాలి, ఎవరు పాడాలి, ఎన్ని నిమిషాలు అన్నది ఆయన బల్ల మీదికి వచ్చేది.

ఆ బల్ల ముందు కూర్చున్న కవికి తన పాటలనే పొద్దున్నే మోగించుకోవాలనిపించడం సహజం. ‘భక్తి రంజని’లో ఏం వచ్చిందో చూడండి. మునిపల్లె సుబ్రహ్మణ్య కవి అధ్యాత్మ రామాయణ కీర్తనలు. భద్రాద్రి రామదాసు. నారాయణతీర్థుల తరంగాలు. సదాశివ బ్రహ్మేంద్రులు. ప్రయాగ రంగదాసు. పేరు తెలియని బైరాగులు పాడుకున్న తత్త్వాలు. వీటిలో చాలావాటికి కచేరీ సభలో పీట దొరికేది కాదు. దొరికినా చివర్న, మంగళానికి ముందు. వాటిని ఏరి, వరసలు సరిచేసి, మంచి గొంతులకు నేర్పించి, రోజులో అన్నిటికన్నా మంచి వేళను వాటికి ఇచ్చారు. తనకు వచ్చిన వేదికను ఒక కవి తనకన్నా ముందు పోయినవాళ్లకు ఇవ్వడం పెద్ద పని. ‘ధర్మసందేహాలు’ కూడా ఆయన హయాంలో నిలదొక్కుకున్న కార్యక్రమమే. ఉషశ్రీగారి గొంతులో రామాయణ భారతాలు ఆదివారం మధ్యాహ్నాలను పట్టుకున్నదీ ఆ కేంద్రం నుంచే.

ఒక వేళను తయారు చేయడం పాట తయారు చేయడం కన్నా కష్టం. కలకత్తా కేంద్రంలో పంకజ్ మల్లిక్ అటువంటి పని చేశారు. ఆయనా గాయకుడు, స్వరకర్త. 1929 నుంచి రేడియోలో జనానికి పాటలు నేర్పినవాడు. బాణీకుమార్ రాయగా, వీరేంద్రకృష్ణ భద్ర చదవగా, మల్లిక్ సంగీతం కట్టిన ‘మహిషాసురమర్దిని’ 1930లలో మొదలై మహాలయ అమావాస్య తెల్లవారుజామున బెంగాలీ ఇళ్లలో పండుగకు ఆరంభమైంది. 1976లో రేడియో వాళ్లు దాన్ని తీసేసి, ఉత్తమ్‌కుమార్ అంతటి సినిమా తారతో కొత్తది చేయించారు. జనం కోపానికి తట్టుకోలేక పాతదాన్ని మళ్లీ తేవలసి వచ్చింది. అంత పెద్ద తార కూడా ఆ తెల్లవారుజామును తీసుకోలేకపోయాడు, ఎందుకంటే అప్పటికే అది విన్నవాళ్ల సొత్తు. మన ‘భక్తి రంజని’కీ తెలుగు ఇళ్లలో అటువంటి చోటే ఉంది. ఆకాశవాణి సంకేత స్వరం, వందేమాతరం, మంగళవాద్యం, ఆ వెనకే అది. ఆ సంకేత స్వరాన్ని కట్టిన వాల్టర్ కౌఫ్‌మన్ హిట్లరు కాలంలో యూరప్ నుంచి బొంబాయికి వచ్చి తలదాచుకున్న యూదుడు. మన తెల్లవారుజాము ఎంత దూరం నుంచి వచ్చిందో అనిపిస్తుంది నాకు.

అది ఆదోనికి ఎట్లా చేరింది? ఈ ప్రశ్నకు జవాబు భౌతిక శాస్త్రంలో ఉంది. మీడియం వేవ్ ప్రసారం పగలు నేల వెంబడి పోతుంది, దూరం కొద్దీ నీరసిస్తుంది. రాత్రి అయితే ఆకాశంలో పైపొరలకు తగిలి వంగి, ఎక్కడో దూరాన దిగుతుంది. విజయవాడ మనకు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. పట్టపగలు ఆ కేంద్రం ఇక్కడ సరిగా దొరకదు. తెల్లవారకముందు దొరుకుతుంది. చలికాలంలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది గనక ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ గరగర పెరిగి పాట మసకబారుతుంది. మన ఊళ్లలో ‘భక్తి రంజని’ విన్న పాతతరం వాళ్లు దాన్ని అట్లా, సగం చీకట్లో, పోతుందేమో పోతుందేమో అనుకుంటూ పెట్టెకు చెవి ఆనించి విన్నారు. 1963లో కడప కేంద్రం మొదలయ్యాక రాయలసీమకు తన సొంత గొంతు దొరికింది. ఆ తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, పంచాయతీ ఆఫీసు మీద కొమ్ము మైకులు వచ్చాయి. పెట్టె ఉన్నవాళ్లకు ఏటా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునే పనీ ఉండేది.

ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి రెండు చేతులకూ పని ఉంటుంది, రెండు కాళ్లకూ పని ఉంటుంది, కళ్లు పోగుల మీద ఉంటాయి. ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. పద్మశ్రీ మాచాని సోమప్పగారి చొరవతో 1938లో, అంటే మద్రాసు రేడియో పుట్టిన సంవత్సరమే, ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఈ రెండూ ఒకే ఏడు పుట్టడం కాకతాళీయమే గానీ, తరువాత అవి ఒకే ఇంట్లో కలిశాయి. మగ్గం పక్కన గూట్లో ట్రాన్సిస్టరు, కండెలు చుట్టే ఆడవాళ్ల దగ్గర ఇంకొకటి. ఇక్కడ ఆదోనిలో జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము మధ్య పనిచేసేవాళ్లకు ఆ అవకాశం లేదు, యంత్రాల చప్పుడు పాటను మింగేస్తుంది. షిఫ్టు దిగాక టీ కొట్టు దగ్గర వినాల్సిందే. కచేరీ సభకు పోవాలంటే పని మానాలి, మంచి చొక్కా వేసుకోవాలి, ఒకరు రమ్మనాలి. నేతగాడికి ఈ రేడియో సభకు పిలుపు అక్కరలేదు, టిక్కెట్టు అక్కరలేదు, ఏ వరసలో కూర్చోవాలన్న ప్రశ్న లేదు. గోపాలరత్నంగారు పాడుతుంటే నాడె ఆగనక్కరలేదు.

మనకు ఇంకో భాగ్యం కూడా ఉండేది. ముల్లు కొంచెం పడమటికి తిప్పితే ధారవాడ. 1950లో మొదలైన ఆ కేంద్రంలో హిందూస్తానీ సంగీతం నిండుగా ఉండేది. మల్లికార్జున మన్సూర్ అంతటి విద్వాంసుడు ఆ కేంద్రంతో కలిసి పనిచేశారు. కన్నడంలో పి. కాళింగరావు కవుల భావగీతాలనూ దాసుల పదాలనూ పాడి జనంలోకి తెచ్చారు. మద్రాసులో, విజయవాడలో రజనిగారు చేసిన దానికి అది అటువైపు జంట. ఆ రెండింటినీ ఒకే పూట విన్న శ్రోత విజయవాడలో లేడు, ధారవాడలోనూ లేడు. ఆదోనిలో ఉన్నాడు, బళ్లారిలో ఉన్నాడు, రాయచూరులో ఉన్నాడు. మన ప్రాంతాన్ని రెండు రాష్ట్రాల అంచు అంటారు. పాట వినే మనిషికి అది అంచు కాదు, నట్టనడుమ.

తెల్లవారుజామున పాట మనకు రేడియో తెచ్చిన కొత్త అలవాటు కూడా కాదు. ఆలూరు అవతల చిప్పగిరిలో విజయదాసులు 1755లో తనువు చాలించారు. మంత్రాలయం మనకు పక్కనే. దాసుల పదాలు తంబుర మీటుతూ, చిటికెలు మోగిస్తూ తెల్లవారకముందే పాడుకోవడం ఈ నేల మీద తరాల నాటిది. ‘భక్తి రంజని’ని మన ఇళ్లు అంత త్వరగా పట్టుకోవడానికి అదొక కారణమని నేననుకుంటాను. ఆ వేళ ముందే సిద్ధంగా ఉంది.

రజనిగారి మీద నాకున్న గౌరవంతోనే ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. అది పాటలోని భాష గురించి. హాంకాంగ్ ఉదాహరణ తీసుకుంటాను. అక్కడ జనం మాట్లాడేది కాంటనీస్. కానీ పాట అంటే ఇంగ్లిషులోనో మాండరిన్‌లోనో ఉండాలని, ఇంటి భాషలో పాట తక్కువరకమని చాలాకాలం అనుకున్నారు. శామ్ హుయ్ అనే గాయకుడు 1974లో తన అన్న తీసిన సినిమాకు కాంటనీస్‌లో పాటలు కట్టి పాడాడు. జూదం గురించి, చాలీచాలని జీతం గురించి, యజమాని పెట్టే బాధ గురించి, సంతలో వినబడే మాటల్లోనే రాశాడు. రేడియోలు వాటిని ఎత్తుకున్నాయి. ఆ తరువాతి తరంలో పాట రాసి పాడేవాళ్లే మైకు ముందు కూర్చుని కబుర్లు చెప్పే వ్యాఖ్యాతలు కూడా అయ్యారు. పదేళ్లు తిరగకుండా ఆ భాష పాట ఆసియా అంతటా వినబడింది.

మన లలిత గీతంలో ఆ సంత భాష రాలేదు. అది గోదావరి కృష్ణల నడుమ చదువుకున్న ఇంటి భాష, తీర్చిదిద్దిన భాష. పత్తి తూకం దగ్గర తగాదా అందులో లేదు. సుగ్గికి పోయి మిరప తోటల్లో పని చేసి నెలల తరువాత ఇల్లు చేరిన అమ్మ లేదు. మన ‘యాడికి పోతివి’ అన్న పలుకు లేదు. ఇది రజనిగారొక్కరి లోపం కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి దగ్గర్నుంచి ఆ రోజుల్లో రేడియోకు రాసిన కవులు చాలామంది ఒకే తోటలో పూలు కోశారు. ప్రభుత్వ రేడియోలో జీతం గురించీ యజమాని గురించీ పాట రావడం ఎంత కష్టమో కూడా నాకు తెలుసు. అయినా లోటు లోటే. సీమ పలుకు ఉన్న పాట కోసం మనం కడప కేంద్రం జానపద కార్యక్రమాల దాకా ఆగాల్సి వచ్చింది.

కానీ ఇదే రజనిగారు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాశారు. దానికి 1961లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, రోజూ ప్రసారానికి పరుగెత్తుతూ, తెలుగులో పాట రాసి పాడినవాళ్లందరి పరంపరను ఒకచోట కూర్చారు. అందులో కడప సీమ తాళ్లపాక అన్నమయ్య ఉన్నాడు, కృష్ణా తీరం క్షేత్రయ్య ఉన్నాడు, గోల్కొండ చెర చూసిన రామదాసు ఉన్నాడు. క్షేత్రయ్య మీద, రామదాసు మీద కేంద్ర సాహిత్య అకాడమీకి విడివిడిగా పుస్తకాలు రాశారు. తన పాటలో చోటివ్వలేకపోయిన మనుషులకు ఆయన తన పుస్తకంలోనూ తన ప్రసార వేళలోనూ చోటిచ్చారు. అందుకే నాలుగో పనే పెద్దదన్నాను. తన ఇష్టానికి హద్దులున్నాయని ఆయన పాట చెబుతుంది. ఆ హద్దులు దాటి వినగలిగాడని ఆయన కుర్చీ చెబుతుంది. ఆయన రూపొందించిన ‘కొండ నుండి కడలి దాకా’ రూపకానికి జపాన్‌లో అంతర్జాతీయ ప్రశంస వచ్చింది. చివర్లో బెంగళూరు కేంద్రానికి డైరెక్టరుగా వెళ్లి పదవీ విరమణ చేశారు. ‘రజని ఆత్మకథా విభావరి’ ఆయన రాసుకున్న జ్ఞాపకాలు. 2018 ఏప్రిల్ 22న, తొంభై ఎనిమిదేళ్ల వయసులో, విజయవాడలో కన్నుమూశారు.

ఆయన మీద గౌరవం ఉన్నవాళ్లం మనం ఆయన పాటలు పాడుకోవడం మంచిదే. ఆయన చేసిన నాలుగో పనిని మన చుట్టుపక్కల మొదలుపెట్టడం ఇంకా అవసరం. ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో, కోసిగి, పెద్దతుంబళం పల్లెల్లో ఇంకా పాడేవాళ్లున్నారు. పీర్ల చావిడి దగ్గర గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాటలు తెలిసినవాళ్లు, వీరబ్రహ్మంగారివీ సిద్దయ్యవీ తత్త్వాలు రాత్రంతా చెప్పగలవాళ్లు, కన్నడ దాసర పదాలను తెలుగు యాసలో పాడే ముసలమ్మలు. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటాయి. రజనిగారికి ఈ పని చేయడానికి ఒక స్టూడియో, నిలయ విద్వాంసులు, ఢిల్లీ అనుమతి కావలసి వచ్చాయి. ఇప్పుడు మన పిల్లల జేబులో ఉన్న ఫోను చాలు.

ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మాస్టారుగారి నిధి మీద వచ్చే వడ్డీలో కొంత ఏటా ఈ పనికి పెట్టండి. డిగ్రీ కాలేజీ విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఊళ్లకు పోవాలి. పాట మొత్తం రికార్డు చేయాలి, మధ్యలో ఆపకూడదు. పాడినవారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ ఏ సందర్భంలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చారు, ఇవన్నీ వాళ్ల అనుమతితో రాసుకోవాలి. భాషను సరిచేయకూడదు, కన్నడం కలిస్తే కలిసినట్టే, ఉర్దూ కలిస్తే కలిసినట్టే ఉంచాలి. ఒక ప్రతి ఇక్కడి గ్రంథాలయానికి, ఒక ప్రతి కడప ఆకాశవాణికి ఇవ్వాలి, వాటిలో కొన్నింటికి తెల్లవారుజామున కాసిన్ని నిమిషాలు ఇమ్మని మనమే పోయి అడగాలి. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఈ పల్లెలన్నీ ఒకచోటికి వస్తాయి. రికార్డింగు అక్కడ మొదలుపెడదాం. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. కాగితం, కలం తెచ్చుకున్నాను.